ఒందీనా కొన్న కొవ్వు

మా పాసో బాయోలో వాన పడుతుందా లేదా అని తెలుసుకోవాలంటే ఎవరూ ఆకాశం వైపు చూసేవాళ్ళు కాదు. విల్మార్ మాంసం కొట్టు వైపు చూసేవాళ్ళు. ఒందీనా ఆ పూట కొవ్వు కొన్నదా, కొంటే ఎంత కొన్నది, అదొక్కటే అందరికీ కావలసింది.

ఆ రోజుల్లో నేను పాత రైల్వే స్టేషన్లో బస్సు టికెట్లు అమ్మేవాణ్ణి. రైళ్ళు ఆగిపోయాక ఆ భవనాన్ని బస్సులవాళ్ళకు ఇచ్చారు. నా కిటికీ ముందే, వరండా రేకుల కింద ఒందీనా పొయ్యి ఉండేది. వాన మొదలవగానే ఆమె వచ్చి పొయ్యి రాజేసి, పెద్ద ఇనప మూకుడులో కొవ్వు వేసి, పిండి ముద్దల్ని అరచేతుల మధ్య సాగదీసి, నడుమ వేలితో చిల్లు పొడిచి అందులోకి జార్చేది. అవే తోర్తాలు. వాన పడుతుంటే వేడి మాతె ఆకు కషాయం తాగుతూ వేడి తోర్తా తినకుండా ఉన్నవాణ్ణి మా దేశంలో డాక్టరుకు చూపిస్తారు. వాన వెలిస్తే ఆమె మూకుడు దింపేసేది. ఎండలో ఎవరైనా అడిగితే, "నాకు ఎండలో చెయ్యి ఆడదు నాయనా" అనేది.

ఒందీనా బెంతాంకోర్ చిన్నప్పుడే ఒక పశువుల ఎస్టేటు వంటింట్లో పనికి కుదిరింది. అక్కడి వంటమనిషి ఆమెకు చదువు చెప్పలేదుగాని కొవ్వు చెప్పింది. గొడ్డు లోపల మూత్రపిండాల చుట్టూ ముద్దగా ఉండేదే అసలు కొవ్వు. తెల్లగా, పొడిగా ఉండాలి. వేళ్ళ మధ్య నలిపితే పొడిపొడిగా రాలాలి. చేతికి జిడ్డుగా అంటుకుంటే అది పేగుల దగ్గరిది, సబ్బుకు పనికొస్తుంది, నోటికి పనికిరాదు. తర్వాత ఒందీనా రైలు పట్టాలు చూసుకునే ఒరోస్మాన్‌ను పెళ్ళాడి స్టేషన్ పక్క ఇంటికి వచ్చింది. కొత్త కాపురంలోనే అతని గుర్రం మీద నుంచి పడి ఎడమ మోకాలు చితక్కొట్టుకుంది. కొన్నాళ్ళకు రైళ్ళు పోయాయి, ఆ తర్వాత ఒరోస్మాన్ పోయాడు. మోకాలి నొప్పి మాత్రం ఆమెను విడిచిపోలేదు. వాన వచ్చే ముందు రోజు అది సలపడం మొదలుపెట్టేది.

సలిపిందంటే ఆమె విల్మార్ కొట్టుకు వెళ్ళేది. ఎందుకంటే కొవ్వు కరగబెట్టడం తొందరపడితే అయ్యే పని కాదు. పైపొర లాగేసి, చిన్న ముక్కలుగా తరిగి, అడుగున కాసిని నీళ్ళు పోసి, సన్నటి సెగ మీద ఓపిగ్గా కూర్చోవాలి. కరిగిందాన్ని గుడ్డలో వడకట్టి డబ్బాల్లో పోస్తే చల్లారేసరికి తెల్లగా గడ్డకట్టేది. మూకుడు అడుగున మిగిలిన కరకరలాడే ముక్కల్ని ఆమె రొట్టెలో పెట్టి నాకు ఇచ్చేది. టికెట్ల పని మానకుండా ఇన్నేళ్ళు నేను ఆ కిటికీలో ఎందుకు కూర్చున్నానో మా ఆవిడకు ఈనాటికీ అర్థం కాదు.

ఈ మోకాలి సంగతి ఊరికి తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠావాళ్ళు ముందు కనిపెట్టారు. తడిసిన గొర్రెకు కత్తెర పెట్టకూడదు కదా, వాళ్ళకు వాన సంగతి తెలియాలి. తర్వాత ఇటుకలు కోసేవాడు, బట్టలు ఉతికేవాళ్ళు, పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు. అందరూ విల్మార్ దగ్గరికే వచ్చి అడిగేవాళ్ళు.

"దొన్యా ఒందీనా వచ్చిందా?"

"వచ్చింది."

"ఎంత తీసుకుంది?"

"కొంచెమే. జల్లు పడి పోద్ది."

ఊరికే అడిగి వెళ్ళిపోతే బాగుండదని వాళ్ళు ఇంత మాంసం కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. దాంతో విల్మార్ ఎచెనీకె ఊళ్ళో పెద్దమనిషి అయిపోయాడు. రాజధాని మోంతెవిదేయో రేడియోవాళ్ళు ఏం చెప్పినా, "ఉండండి, ముందు ఒందీనాని రానివ్వండి" అనేవాడు.

ఒందీనాకు ఇది చిరాకు. "నేను కొవ్వు కొనుక్కుంటున్నారా, ఆకాశం కొనుక్కోవట్లేదు" అని వాడితో చాలాసార్లు అంది. విల్మార్ ఆమె కళ్ళముందు చెడ్డీలేసుకుని తిరిగినవాడు. అందుకని వాణ్ణి ఒరే అనేది, వాడు ఆమెను గౌరవంగా దొన్యా అనేవాడు, మగవాళ్ళనైతే దోన్ అంటాం.

ఒకసారి ఆమెకు రోషం వచ్చి వాడి కొట్టు గడప తొక్కడం మానేసింది. కొవ్వు ఇంకెక్కడా దొరకదా అనుకుంది. కబేళాలో పనిచేసే ఒకడు సైకిలు మీద సంచి నిండా తెచ్చి ఇచ్చాడు. వాడి వెనకాల ఊళ్ళో కుక్కలన్నీ వచ్చాయి. అదంతా పేగుల కొవ్వు. కరగబెడుతుంటే వచ్చిన కంపుకు బస్సు దిగినవాళ్ళు మళ్ళీ బస్సెక్కారు. తర్వాత తను పనిచేసిన ఎస్టేటుకు వెళ్ళింది. అక్కడి కొత్త వంటమనిషి నవ్వుతూ డబ్బా నిండా కరిగించిన కొవ్వు ఇచ్చాడు. ఇంటికి తెచ్చి వేయించాక తెలిసింది, అందులో సగం గొర్రెది. ఆ రోజు నేను తిన్న తోర్తా సాయంత్రం దాకా నా అంగిట్లోనే మైనంలా అతుక్కుని ఉంది. చివరికి పట్నం నుంచి కాగితంలో చుట్టిన ఫ్యాక్టరీ కొవ్వు తెప్పించింది. ఇటుకలా ఉంది. వాసన చూసింది, మళ్ళీ చూసింది.

"దీనికి వాసనే లేదు" అంది నాతో. "వాసన లేనిదాన్ని నమ్మేదెట్లా?"

మర్నాడు ఏమీ జరగనట్టు విల్మార్ కొట్టుకు వెళ్ళి, "ఏరా, ఇది ఆవుదా, దాని ముత్తవ్వదా? ఇంత పసుప్పచ్చగా ఉందేంటి?" అని మొదలుపెట్టింది. వాడికి ప్రాణం లేచివచ్చింది.

ఇక అసలు సంగతి. ఆ ఏడు నవంబరులో, మా దగ్గర ఎండలు ముదిరే నెలలో, ఊరి క్లబ్బువాళ్ళు గుర్రప్పందేలు పెట్టారు. క్లబ్బు పైకప్పు కారుతోంది, పందేల మీద వచ్చేదాంతో అది బాగుచేయించాలని ఆశ. క్లబ్బు అధ్యక్షుడు దోన్ అల్సీదెస్ పెరేరా. చంకలో వేన్నీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతె తాగే సొరకాయ బుర్ర లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. నిద్రలో కూడా ఆ చెయ్యి అలాగే వంచుకుని పడుకుంటాడని వాళ్ళావిడ చెప్పేది.

పందేలు ఆదివారం. అంతకు ముందు శుక్రవారం విల్మార్ కొట్లో చల్లగది మోటారు కాలిపోయింది. బయట మాడ్చే ఎండ. మాంసం మాత్రం గుట్టుగా పక్క ఊళ్ళో బావమరిది ఫ్రిజ్జులకు తరలించి, అమ్మకానికి కావలసినంతే తెచ్చుకున్నాడు. సంగతి బయటపడితే ఊరంతా వాడి మాంసాన్ని వాసన చూసి కొంటుంది, లేదా కొననే కొనదు. కాని వారమంతా పోగేసిన కొవ్వు మిగిలిపోయింది. దాన్ని ఎక్కడ దాస్తాడు? ఒందీనాకు కబురు పెట్టాడు.

"ఇదంతా నాకేనా?" అంది ఆమె గుట్టను చూసి.

"మీకే దొన్యా. సగం ధరకిస్తాను."

"ఎందుకురా?"

"ఈ వారం వచ్చిన పశువులన్నీ బాగా బలిసినవి."

"బలిసింది పశువులేనా?" అని, ఒక ముక్క నలిపి, వాసన చూసి, "సరే, బానే ఉంది. ఏడాదికి సరిపడా కరిగించి పెట్టుకుంటా" అని ఇంటికెళ్ళి ఒంటిచక్రం తోపుడుబండి తెచ్చుకుంది. రైళ్ళు నడిచిన రోజుల్లో ఒరోస్మాన్ కంకర తోలిన బండి అది. దాని నిండా తెల్లటి కొవ్వు ముద్దలు పేర్చుకుని నడివీధిలో తోసుకుంటూ బయల్దేరింది.

క్షవరం చేస్తున్నవాడు కత్తెరతో సహా బయటికి వచ్చాడు. సగం క్షవరమైనవాడు వాడి వెనకాల వచ్చాడు. బండి బరువుకు ఒందీనా కాలు ఈడుస్తూ నడుస్తోంది. ఆమె మలుపు తిరగ్గానే వీధిలో తీగల మీద ఆరుతున్న బట్టలన్నీ మాయమయ్యాయి.

అల్సీదెస్ ఫ్లాస్కుతో సహా పరుగెత్తుకుంటూ విల్మార్ కొట్టుకు వచ్చాడు. కొట్లో రేడియో గట్టిగా మోగుతోంది. నేను అప్పుడక్కడే పక్కటెముకల మాంసం కొంటున్నాను.

"ఏంటయ్యా ఇది? దొన్యా ఒందీనా బండి తోసుకుపోతోంది. బండి."

"చూశాను" అన్నాడు విల్మార్.

"ఎంత తీసుకుంది?"

"మొత్తం."

"మొత్తమంటే?"

"మొత్తమంటే మొత్తమే, దోన్ అల్సీదెస్. కొట్లో తునక లేదు."

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఇట్లా తీసుకుందా?"

"ఎప్పుడూ లేదు."

"కుంటుతోందా?"

"బాగానే కుంటింది."

వాడు అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు. అడిగినవాటికి జవాబు చెప్పాడు, అడగనిదాన్ని వెనక గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు. అల్సీదెస్ మొహం పాలిపోయింది. "వాగు పొంగి ఊళ్ళోకొచ్చిన ఆ వరదకి ముందు కూడా దొన్యా ఇంత కొనలేదు" అంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి పందేలు వాయిదా పడ్డాయి. దూరపు ఊళ్ళవాళ్ళకు ఫోన్లు చేసి గుర్రాల్ని తేవద్దన్నారు. ఉన్ని ముఠావాళ్ళు గొర్రెల్ని కొట్టాల్లోకి తోలారు. ఇటుకలవాడు పచ్చి ఇటుకల మీద ఇంటి రేకులు పీకి కప్పాడు. వాగు ఒడ్డున ఉన్నవాళ్ళను బడికి వెళ్ళిపొమ్మని అధికారులు చెప్పారు. వాళ్ళు పరుపులు, కోళ్ళు, టీవీలు మోసుకుంటూ స్టేషన్ ముందు నుంచే వెళ్ళారు.

ఒందీనా పెరట్లో మూడు పొయ్యిల మీద కొవ్వు కరిగిస్తూ, చెమటలు కక్కుతూ ఉంది. ఏమీ తెలియదు. కంచె మీదుగా ఒకావిణ్ణి ఆపింది.

"ఎక్కడికే, సంసారమంతా నెత్తిన పెట్టుకుని?"

"మీరే అడుగుతున్నారా దొన్యా?"

"అడక్కపోతే ఎట్లా తెలుస్తుంది?"

ఆవిడ ఆ పొయ్యిల వైపు చూసి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోయింది. "జనానికి మతి పోయింది" అని ఒందీనా మంట సన్నం చేసుకుంది.

శనివారం ఎండ కాసింది. ఆదివారం ఆకాశంలో మబ్బు తునక లేదు. అంత నీలి ఆకాశాన్ని నేను కేలెండర్ల మీద తప్ప చూడలేదు. బడిలో జనం విసనకర్రలు విసురుకుంటూ పేకాడుకుంటున్నారు. పైకప్పు లేని ఇంట్లో ఇటుకలవాడి భార్య వాడికి అన్నం పెట్టలేదు.

మధ్యాహ్నానికి ఒక ముసలాయన బూడిదరంగు ఆడ గుర్రాన్ని నడిపించుకుంటూ పందెం బాట దగ్గరికి వచ్చాడు. ఆయనకు ఫోను లేదు. వాయిదా కబురు అందలేదు.

"పందేలు లేవు పెద్దాయనా, వాన" అన్నాడు అల్సీదెస్, చెమట తుడుచుకుంటూ.

ముసలాయన పైకి చూశాడు. "ఎక్కడ?"

"వస్తుంది."

"వచ్చేదాకా పరిగెత్తిద్దాం."

"ఒక్క గుర్రంతో పందెం ఏంటి?"

"మిగతావి రాకపోతే నా గుర్రం తప్పా?"

పేకాటతో విసిగిపోయిన జనమంతా బడి నుంచి వచ్చి బాటకు అటూ ఇటూ నిలబడ్డారు. ఇక తప్పక అల్సీదెస్ జెండా ఊపాడు. గుర్రం బ్రహ్మాండంగా మొదలుపెట్టింది. సగం దారిలో పక్కన పచ్చిక కనబడి ఆగిపోయింది. ఎంత అదిలించినా తలెత్తలేదు.

"ఓడిపోయింది" అన్నాడు అల్సీదెస్.

"ఎవరి చేతిలో?" అన్నాడు ముసలాయన.

దానికి క్లబ్బు నియమాల్లో జవాబు లేదు. గెలిచినవాడికిచ్చే వెండి కప్పు ఆయనే పట్టుకుపోయాడు.

సోమవారం ఊరు ఊరంతా ఒందీనా ఇంటి ముందుకు వచ్చింది. అల్సీదెస్ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"దొన్యా, మా అందర్నీ మోసం చేశారు."

"నేనా? ఏం చెప్పానని?"

"చెప్పలేదు. కొవ్వు కొన్నారు."

"కొంటే?"

"బండెడు కొన్నారు."

"సగం ధరకిస్తే బండెడు కొనక పిడికెడు కొంటానా? ఇంట్లో కూర్చుని నా పని నేను చేసుకుంటుంటే మీ కోళ్ళన్నీ నా ఇంటి ముందు నుంచి ఊరేగించి, ఇప్పుడొచ్చి నన్నంటారా? కొవ్వు నేను కొన్నాను, ఎక్కింది మీకు."

"సగం ధరకి ఎందుకిచ్చాడు?" అన్నాడు ఇటుకలవాడు. రెండు రోజులుగా ఆకలి మీదున్నాడు, బుర్ర చురుగ్గా ఉంది.

"వాణ్ణే అడగండి" అని ఒందీనా తనే కండువా మెడకు చుట్టుకుని బయల్దేరింది. నేను టికెట్ల కిటికీ మూసేసి వెనకాల వెళ్ళాను. అంత మంచి తమాషా ఏ బస్సులో దొరుకుతుంది?

విల్మార్ కొట్లో రేడియో చెవులు బద్దలయ్యేలా మోగుతోంది. ఇంతమందిని చూసి వాడి చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఆ రేడియో ఆపరా" అంది ఒందీనా.

"బాగుంది పాట, దొన్యా."

"ఆపు."

ఆపాడు. కొట్లో నిశ్శబ్దం. అంత నిశ్శబ్దం ఆ కొట్లో ఎప్పుడూ ఉండేది కాదు. వెనక చల్లగది మోటారు పొద్దస్తమానం గుర్రుపెట్టేది, దాని మీదుగా అరిచి మాట్లాడటం మాకందరికీ అలవాటు. ఒందీనా తల కొంచెం పక్కకు వంచి విన్నది. తర్వాత వాడి మొహం చూసింది. వాడి కళ్ళు ఆమెను బతిమాలుతున్నాయి.

అందరూ ఎదురుచూస్తున్నారు.

"చూడండి" అంది ఒందీనా, జనం వైపు తిరిగి. "వాడికి బలిసిన పశువులొచ్చాయి, ఇచ్చాడు. తప్పంతా నా మోకాలిది. ముసలిదైపోయింది. ఇక దాన్ని నమ్మకండి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అన్నాడు అల్సీదెస్.

"మీరు నన్నెప్పుడడిగారు? అందరూ వాణ్ణేగా అడిగేది."

జనం గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. ఇటుకలవాడు వెళ్తూ వెళ్తూ ఇంటికి పట్టుకెళ్ళడానికి మాంసం కొన్నాడు, రాజీ కోసం. అందరూ పోయాక విల్మార్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"దొన్యా, నా పరువు నిలబెట్టారు."

"నీ పరువెవడిక్కావాలిరా? నీ కొట్టు మూతపడితే నేను మళ్ళీ ఆ గొర్రె కొవ్వు కొనుక్కోవాలి. మోటారు ఎప్పుడొస్తుంది?"

"రేపటి బస్సులో."

"రాగానే బిగించుకో. ఇక ముందు ఎవరైనా నా గురించి అడిగితే ఏం చెప్తావు?"

"నేను మాంసం అమ్ముతాను, అంతే."

"ఆఁ. ఇంకోటి. ఈసారి వానకి వచ్చి పిండి పిసుకు. నా చేతులు నొప్పెడుతున్నాయి."

అప్పుడు వాడు నన్ను చూశాడు. నేను గోడ మీది ఎద్దు బొమ్మను చూస్తున్నాను. మర్నాడు మోటారు పెట్టె నా చేతుల మీదుగానే వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు విల్మారే పెళ్ళిళ్ళలో నవ్వుతూ చెప్పుకుంటున్నాడు కాబట్టి రాస్తున్నాను.

పందేలు మళ్ళీ ఆ నెలాఖరున పెట్టుకున్నారు. ముందు రోజు ఒందీనా మోకాలు పట్టుకుని నా కిటికీ దగ్గర కూర్చుంది. మొహం వాడిపోయి ఉంది. కాసేపటికి లేచి, తనంతట తనే అల్సీదెస్ ఇంటికి వెళ్ళింది. జన్మలో మొదటిసారి తన నోటితో వాన కబురు చెప్పడానికి.

"దోన్ అల్సీదెస్, రేపు వద్దు. కుండపోత."

ఆయన ఎంతో మర్యాదగా ఆమెకు మాతె పోసి ఇచ్చాడు. "దొన్యా, మీ మోకాలికి మనం పింఛను ఇచ్చేశాం కదా."

ఆమె మాతె తాగి, బుర్ర తిరిగిచ్చి వచ్చేసింది.

మర్నాడు మొదటి పందెం సగంలో ఉండగా ఆకాశం విరిగి మీద పడింది. గుర్రం ఏదో మనిషి ఏదో తెలియలేదు. క్లబ్బులోకి దూరితే అక్కడ బయటకన్నా ఎక్కువ కారుతోంది. చివరికి ఊరూ, పందేలకు వచ్చిన పై ఊళ్ళవాళ్ళూ అందరూ స్టేషన్ వరండా కిందికి వచ్చి పడ్డారు. మూకుడు అప్పటికే కాగుతోంది. తలుపు వెనక డబ్బాల వరస. విల్మార్ మోచేతుల దాకా పిండితో, మాంసం కొట్టే మనిషి పిసికినట్టే పిసుకుతున్నాడు.

"మెల్లగారా, అది చచ్చిన గొడ్డు కాదు" అంటోంది ఒందీనా.

వరసలో అల్సీదెస్ వంతు వచ్చింది. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఫ్లాస్కు మాత్రం పొడిగా ఉంది, కోటు లోపల దాచుకున్నాడు. ఒందీనా ఏమంటుందోనని మేమందరం నోళ్ళు కట్టుకుని చూశాం. ఆమె తోర్తా తీసి, పంచదార చల్లి, కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆయన కొరికి, నమిలి, "కొవ్వు బాగుంది" అన్నాడు. ఆయన నోటి నుంచి క్షమాపణ అంతకన్నా దగ్గరికి రావడం ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత జనం మళ్ళీ విల్మార్ దగ్గరికి రావడం మొదలుపెట్టారు. "నేను మాంసం అమ్ముతాను" అనేవాడు వాడు. కాని ఒందీనా వచ్చి వెళ్ళాక ఆ మాట కొంచెం ఎక్కువ దిగులుగా అనేవాడు, దాన్నిబట్టి జనం గొర్రెల్ని తోలుకునేవాళ్ళు.

కొన్నేళ్ళకు మోంతెవిదేయోలో ఆమెకు ఆపరేషను చేసి మోకాలి చిప్ప మార్చారు. లోహపు చిప్పకు వాన తెలియదు. ఒందీనా అందరిలాగే రేడియో విని కొవ్వు కొనుక్కోవలసి వచ్చింది. రేడియో వాన అన్న రోజు కొవ్వు కరిగించి కూర్చుంటే ఎండ కాసేది. మొదట్లో ఆమె మొగుణ్ణి పోగొట్టుకున్నప్పటికన్నా ఎక్కువ బాధపడింది. తర్వాత ఒక రోజు పట్టపగలు, భగభగలాడే ఎండలో, వచ్చి మూకుడు పెట్టేసింది. ఊళ్ళో పెద్ద గొడవైంది. ఎండలో తోర్తా తినడం పద్ధతేనా? అల్సీదెస్ తినేది లేదని తెగేసి చెప్పి, పేపరు అడ్డం పెట్టుకుని తినేవాడు.

"ఎండలో చెయ్యి ఆడదన్నారుగా దొన్యా" అన్నాను నేను.

"అప్పుడు కుర్రదాన్ని" అంది ఆమె, మూకుడులో ఇంకోటి జారుస్తూ. "జరుగు, నీ నీడ పిండి మీద పడుతోంది. ఉబ్బట్లేదు."